గూడు ఊపి చూసే చెయ్యి

కెనడాలోని సార్నియాలో నాకు కాలు నిలిచేది కాదు. ఊరి తప్పేం లేదు. ఫ్యాక్టరీ గొట్టాలు వాటి మానాన అవి పొగ వదిలేవి, నది దాని మానాన అది పారేది, మా ఆవిడ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని కాలేజీకి పోయేది. నేను మాత్రం బేస్‌మెంట్ ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి, ఆ గోడ నుంచి ఫ్రిజ్‌కి, ఫ్రిజ్ నుంచి కిటికీకి తిరుగుతుండేవాణ్ని. ఆ కిటికీలోంచి దారిన పోయేవాళ్ల బూట్లు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. కొన్నాళ్లకు బూట్లను చూసి మనిషి ఏ మూడ్‌లో ఉన్నాడో చెప్పగలిగే స్థాయికి వచ్చాను.

అవి ఎయిర్‌పోర్టు నిండా తెలుగు పిల్లలే కనిపించిన ఏళ్లు. టొరంటోలో దిగిన రోజు మా వరుసలో ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ ఏదో ఒక కాలేజీ పేరు చెప్పి బయటపడుతున్నారు. ఆఫీసరు నన్ను కూడా ఏం చదవబోతున్నావని అడిగాడు. చదివేది ఈమె, నేను ఈమెకు భర్తని మాత్రమే అన్నాను. నా చేతికిచ్చిన కాగితాన్ని స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్ అంటారు. పెళ్లాం చదువుకున్నన్నాళ్లూ మొగుడు దొరికిన పని చేసుకుని బతకొచ్చని దాని అర్థం. మా వంశంలో ఆడవాళ్ల తెలివి మీద బతికిన మగవాళ్లు చాలామందే ఉన్నారుగానీ, ఎవరికీ ఇలా స్టాంపు వేసి ఇవ్వలేదు.

మా ఆవిడ నా మేనమామ కూతురు. మాటలు వచ్చినప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. సార్నియాలో బస్సులు తక్కువ, కారు లేకపోతే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. అందుకని ఒక పాత కారు కొన్నాను. కొన్న వారం నుంచీ ఆమె క్లాస్‌మేట్లు ఒక్కొక్కరే కిరాణా కొట్టుకీ, పార్ట్‌టైమ్ పనికీ అందులో ఎక్కడం మొదలుపెట్టారు. ఆమె బావా అంటోంది కదా అని వాళ్లూ బావా అన్నారు. కరీంనగర్ పిల్లలు, గుంటూరు పిల్లలు, కర్నూలు పిల్లలు, అందరికీ నేనే బావ. అంతమందికి బావనైనా అలిగే హక్కు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం కిటికీలోంచి మా ఆవిడ బూట్లు కనిపించాయి. ఆ బూట్లు గెంతుతున్నాయి.

"బావా, కో-ఆప్ వచ్చింది!"

కో-ఆప్ అంటే చదువు మధ్యలో కాలేజీవాళ్లు బయట చేయమనే ఉద్యోగం. అది దొరక్క క్లాసులో సగం మంది ఏడుస్తున్నారు.

"యాడ?" అన్నాను.

"ఆల్బర్టా. రాకీస్ కొండల పైన. ఎండాకాలమంతా."

"ఏం పని?"

"చిమ్మటలు."

"చిమ్మటల్ని ఏం చేయల్ల?"

"చూడల్ల."

"చూస్తే జీతమిస్తారా?"

"ఇస్తారు."

"మీ నాయన బతుకంతా పురుగుల్ని చూస్తానే ఉన్నాడు కదే. ఆయనకి ఒక్కరూ ఇయ్యలేదే!"

మా రెండు కుటుంబాలదీ హిందూపురం పక్క పల్లె. పట్టుపురుగుల పెంపకం. ముందు మల్బరీ తోట, వెనక పురుగుల షెడ్డు, మధ్యలో ఎక్కడో మేం. పురుగు పొర వదిలే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. జ్వరం నుంచి లేచిన పురుగుకి ఆకలి మామూలుగా ఉండదు, ఇంటిల్లిపాదీ ఆకు కోసి వెయ్యాలి. తొమ్మిదో తరగతిలో నేను బడి మానిన మరునాడు మాస్టారు కారణం అడిగేవారు.

"జ్వరం సార్."

"నీకా?"

"పురుగులకు సార్."

క్లాసంతా నవ్వేది. చివరికి షెడ్డులో నా హాజరు పెరిగి, బడిలో తరిగి, ఒకరోజు పుస్తకాల సంచి అటక ఎక్కింది. మా ఆవిడ మాత్రం అదే పురుగుల మధ్య కూర్చుని జువాలజీలో డిగ్రీ తెచ్చుకుంది. ఒకే ఆకు తిన్న పురుగులన్నీ ఒకేలా దారం తియ్యవు మరి.

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పురుగు గూడు అల్లుకున్నాక దాన్ని తొందరగా బజారుకు తోలెయ్యాలి. ఆలస్యమైతే లోపల పురుగుకి రెక్కలొచ్చి, చిమ్మటగా మారి, గూటికి చిల్లు పెట్టుకుని బయటికి వచ్చేస్తుంది. చిల్లు పడ్డ గూటి నుంచి దారం రాదు. అందుకని మా ఇళ్లలో రెక్కల పురుగు కనిపించిందంటే నష్టమే. పెద్దవాళ్ల మొహాలు మాడిపోతాయి, ఆ పూట పొయ్యి కూడా సరిగ్గా మండదు. గూడు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష. రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టి ఊపాలి. లోపల గింజలా గలగలమంటే బజారుకు తోలొచ్చు. శబ్దం లేదంటే లోపలిది ఇంకా పచ్చిగానైనా ఉండాలి, చచ్చి గోడకు అంటుకుపోయైనా ఉండాలి. మా నాయన ఊపుతాడు, మా మామ ఊపుతాడు, బజారులో కొనేవాడూ ఊపుతాడు. నేను నడక కంటే ముందు ఊపడమే నేర్చుకుని ఉంటాను. అగ్గిపెట్టె కనిపించినా, వేరుశనక్కాయ కనిపించినా ముందు నా చెయ్యి దాన్ని చెవి దగ్గరికి తీసుకుపోతుంది. సార్నియాలో ఒకసారి కిరాణా కొట్లో కోడిగుడ్డును అలా ఊపుతుంటే ఒకావిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది.

సరే, బయలుదేరాం. ఆల్బర్టాకి విమానంలో పోవచ్చుగానీ, అక్కడ కారు లేకపోతే కష్టమన్నారు. ఆ పాత కారులోనే పోదామన్నాను. నిజానికి నాకు కావలసింది కదిలేది ఏదైనా ఒకటి. కానీ మా ఒంటారియో రాష్ట్రం ఎంతకీ అయిపోదు. పొద్దున రాయి, చెరువు, చెట్టు. మధ్యాహ్నం చెట్టు, చెరువు, రాయి. ఒంటారియో ఇంకా ఉందా అని నేను, ఉందని ఆమె. ఆ తర్వాత చదును నేల మొదలైంది, అది ఇంకా ఘోరం. మన కారు నిలబడి ఉందో పోతోందో కూడా తెలియదు. చిట్టచివరికి కొండలు కనిపించినప్పుడు మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను కారు దిగి, ఒళ్లు విరుచుకుని, వెంటనే తిరిగి ఎప్పుడు బయలుదేరదామని అడిగాను.

కొండ కింద లాడ్జి వంటగదిలో నాకు గిన్నెలు కడిగే పని దొరికింది. ఉండడానికి గది కూడా వాళ్లదే. మా ఆవిడ పని చేసేది పైన. పాత మట్టిరోడ్డు మీద కొంత దూరం బండి, ఆపైన కాలినడక. చెట్లు క్రమంగా పొట్టివై, వంగిపోయి, ఒకచోట ఇక మా వల్ల కాదన్నట్టు ఆగిపోతాయి. అక్కడి నుంచి గడ్డి. పొట్టి గడ్డి, నాచు, రాళ్లు, రాళ్ల పక్కన గోరంత పూలు, చీలమండ ఎత్తు కూడా లేని విల్లో మొక్కలు. అది చెట్టేనని చెప్తే నేను నమ్మలేదు. ఎక్కడి నుంచో మార్మాట్ ఈల వేసేది. ఉడతకి అన్నయ్యలా ఉంటుంది ఆ జంతువు. గాలి మాత్రం ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. ఆ కొండ మీద నాకు తోడు దొరికిందంటే ఆ గాలే.

ఆ పరిశోధన నడిపే ఆమెను మేం మేడమ్ అనేవాళ్లం. వద్దు, పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా మా నోరు తిరగలేదు. నెరిసిన జుట్టు, మోకాళ్ల దగ్గర మాసికలు వేసిన ప్యాంటు. గడ్డిలో బోర్లా పడుకుని పురుగుతో సమానంగా చూసేది. ఆమె ఇంగ్లీషులో చెప్పింది నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం మా ఆవిడ చెప్పేది. ఆ రెండూ కలవనప్పుడు నాకు నచ్చింది తీసుకునేవాణ్ని.

ఆ చిమ్మట కాబోయే పురుగును మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. నల్లగా, ఒళ్లంతా తుప్పు రంగు వెంట్రుకలతో, చలికి కంబళి కప్పుకున్న ముసలాయనలా రాతి మీద ఎండ కాగుతోంది.

"మేయదా ఇది?" అని అడిగాను.

"మేస్తాది. ముందు ఎండకు ఒళ్లు వెచ్చబెట్టుకోవల్ల. మళ్లీ రొంత మేస్తాది. మళ్లీ ఎండకు కూర్చుంటాది. చలికాలం వస్తే గడ్డకట్టుకుపోతాది."

"చస్తాదా?"

"చావదు. ఎండాకాలం కరిగి లేస్తాది. మళ్లీ రొంత మేస్తాది, మళ్లీ గడ్డకడతాది. అట్ల ఏండ్లకు ఏండ్లు. అప్పుడు గూడు కడతాది."

నేను ఆ పురుగు వైపు జాలిగా చూశాను. మా షెడ్డులో గుడ్డు పగిలిన నెల దాటేసరికి మేత అయిపోయి, గూడు అయిపోయి, బజారు అయిపోయి, మళ్లీ కొత్త గుడ్లు వచ్చేస్తాయి. ఇదేమో ప్రతి ఏడూ ఫెయిలై మళ్లీ అదే క్లాసులో కూర్చునే రకం. నేనైతే మొదటి చలికాలమే టీసీ తీసుకునేవాణ్ని.

ఆ ఎండాకాలం ఎండాకాలంలా లేదు. మంచు పడాల్సిన కాలం దాటినా పడింది. అంతకంటే ఈగలు చెడ్డవి. మేడమ్ వలపంజరాలు బోర్లించి కాపాడుతున్న గూళ్లలో ఒకదాని తర్వాత ఒకటి నుంచి చిమ్మటకు బదులు ఈగ బయటికి వచ్చింది. పురుగుగా ఉన్నప్పుడే దాని మీద ఈగ గుడ్డు పెడుతుంది, ఆ పిల్ల లోపల తిని పెరుగుతుంది. మా షెడ్డుల్లోనూ ఇదే గోల. అక్కడ దాన్ని ఊజీ ఈగ అంటారు. వలపంజరంలో ఆ ఈగను చూసినప్పుడు నాకు ఊరి మనిషి కనిపించినంత పనైంది. నువ్వు కూడా వీసా తెచ్చుకున్నావా అని అడిగాను. మా ఆవిడ నవ్వలేదు.

చివరికి ఒకే ఒక్క గూడు మిగిలింది. కొంచెం పెద్దది. ఆడదే అయ్యుంటుందని మేడమ్ అంచనా. ఆడ చిమ్మటకు పొట్ట బరువు, ఎగరడం దాదాపు చేతకాదు. గూటి మీదే కూర్చుని వాసన వదులుతుంది, ఆ వాసన పట్టుకుని మగవి పగటిపూటే ఎగురుకుంటూ వస్తాయి. అలా వస్తే ఈ వాలు మీద వాటి సంతతి ఇంకా బతికి ఉందని తెలుస్తుంది.

"వస్తే మేడమ్ వచ్చే ఏడు కూడా ఈడే పని పెడతాది. నన్నే తీసుకుంటానంది బావా. నిజం ఉద్యోగం. రాకపోతే ఈ వాలు మూసేసి ఇంకో కొండకు పోతారు. ఆడ వాళ్లకు వేరే మనుషులుండారు."

"అప్పుడు మనం?"

"మిస్సిసాగాలో వేర్‌హౌస్. అట్టపెట్టెలు మోయల్ల."

ఆ మాట చెప్తూ ఆమె ఆ గూడు మీద వల సర్దింది. నిద్రపోయే పిల్ల మీద దుప్పటి సర్దినట్టుగా.

అట్టపెట్టెల సంగతి నాకు మరింత బాగా చెప్పడానికన్నట్టు ఆ వారమే లాడ్జికి టొరంటో పక్కనున్న ఆ మిస్సిసాగా నుంచే ఒక తెలుగు కుటుంబం వచ్చింది. వంటగది వెనక నేను ఫోనులో మాట్లాడుతుంటే ఆ ఇంటి పెద్దాయన పరుగున వచ్చాడు.

"ఏవండీ, తెలుగువారేనా? ఏ యూనివర్సిటీ అండి?"

"నేను చదవడం లేదు అంకుల్. మా ఆవిడ చదువుతోంది."

"మరి మీరేం చదివారు?"

"తొమ్మిదో తరగతి సగం అంకుల్. మిగతా సగం పురుగులు తినేసినాయి."

ఆయన నవ్వాలో ఓదార్చాలో తేల్చుకోలేకపోయాడు. మా ఆవిడ కో-ఆప్ చిమ్మటల మీద అని విని ఇంకా కలవరపడ్డాడు. "చిమ్మటల మీద కూడా ఇస్తున్నారా? కంప్యూటర్స్ చేసినవాళ్లకే దొరకట్లేదండీ! మనవాళ్లు ఎంతమంది వచ్చేశారో చూస్తున్నారుగా. ఇక్కడ ఉంచుకుంటే సరే, లేదంటే ఆలస్యం చెయ్యకుండా మా వైపు వచ్చెయ్యండి. ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌసులు బోలెడు." పక్కన ఉన్న కూతురు ఫోను మీంచి తల ఎత్తకుండా "డాడ్, లీవ్ హిమ్ అలోన్" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

ఆ తర్వాత మేడమ్ ఏదో మీటింగుకని కొన్ని రోజులు ఊరికి దిగింది. గూడు బాధ్యత మా ఆవిడది. నాకు సెలవు దొరికిన రోజు చిత్రాన్నం, వేరుశనగ ఊరుబిండి డబ్బాల్లో సర్దుకుని పైకి వెళ్లాను. మేఘాలు కిందికి దిగి ఉన్నాయి. తింటుండగానే గాలి ఒక్క విసురు విసిరి, వాలు అవతల పాతిన థర్మామీటరు కర్రను పడగొట్టింది.

"బావా, ఈడే కూర్చో. ఏమీ ముట్టుకోవద్దు," అని ఆమె అటు పరిగెత్తింది.

కూర్చున్నాను. కాసేపు కూర్చున్నాను. మళ్లీ లేచి నిలబడ్డాను. మరో విసురొచ్చింది. వలపంజరం అంచు మీద పెట్టిన రాయి జారి, వల లేచి, గూడు గడ్డిలోకి దొర్లింది. నేను ఒక్క గెంతులో పోయి పట్టుకున్నాను. దాన్ని తిరిగి దాని చోట పెట్టాలన్నదే నా ఉద్దేశం. ఇప్పటికీ అదే చెప్తాను. కానీ చెయ్యి నన్ను అడగలేదు. రెండు వేళ్ల మధ్య గూడు పడగానే నేరుగా చెవి దగ్గరికి పోయింది, ఊపింది.

ఏమీ వినిపించలేదు.

మళ్లీ ఊపాను. గాలి తప్ప ఏమీ లేదు.

"బావా! ఏం చేస్తాండావు ఆడ?"

ఆమె కర్రను అక్కడే వదిలేసి వస్తోంది. నా చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది, ఎవరో ఫోను చేసినట్టు.

"ఊపినావా?"

"లేదు."

"ఊపినావు."

"రొంత."

ఆమె గూడు లాక్కుంది. దాన్ని చోటులో పెట్టి, వల బోర్లించి, రాయి మీద రాయి పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. తిట్టడానికి నోరు తెరిచిందని నాకు తెలుసు. కానీ ఆమె కూడా పురుగుల షెడ్డులో పెరిగిన మనిషే కదా. బయటికొచ్చిన మాట వేరు.

"శబ్దం వచ్చిందా?"

"లేదు."

ఆమె అక్కడే గడ్డిలో కూలబడింది. పచ్చిగా ఉండే రోజులు దాటిపోయిన గూటిలో శబ్దం లేదంటే ఏమిటో మా ఇద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. వచ్చే ఏడు ఉద్యోగం, ఈ కొండ, మేడమ్ మాట, అన్నీ ఆ గూటి లోపలి గోడకు అంటుకుపోయి కనిపించాయి. చిత్రాన్నం డబ్బా గాలికి పడి, మెతుకులు ఆ గోరంత పూల మధ్య చెదిరిపోయాయి.

కొండ దిగుతుంటే నా ఎడమ చెవి దురద పెట్టడం మొదలైంది. మరునాడు పొద్దున్నకి అది చెవిలా లేదు, నూనెలోంచి అప్పుడే తీసిన వడలా ఉంది. ఆ పురుగు గూడు అల్లేటప్పుడు గుచ్చుకుంటే దద్దుర్లు తెచ్చే తన ఒంటి వెంట్రుకల్నే దారంలో కలిపేస్తుందట. పట్టుపురుగు పాపం నున్నటిది, ఇలాంటి తెలివితేటలు దానికి లేవు. లాడ్జి చెఫ్ చెవిని అటూ ఇటూ తిప్పి చూసి, ఐసు సంచి పెట్టి, ఏ జంతువు కరిచిందని అడిగాడు. అలవాటు కరిచిందని చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు.

మా ఆవిడ నాతో మాట్లాడలేదు. చెవికి మందు రాసేటప్పుడు మాత్రం తల ఇటు తిప్పు, అటు తిప్పు అంది. చచ్చిందనుకున్న గూడును చూడడానికి రోజూ కొండ ఎక్కింది. నేను పని చూసుకుని వెనకే వెళ్లేవాణ్ని. ఒకరోజు దారిలో బ్యాగులోంచి నేను గిన్నెలు కడిగే రబ్బరు గ్లవ్స్ తీసి నా మీదికి విసిరింది. వేసుకోమని కూడా అనలేదు. పసుప్పచ్చ గ్లవ్స్ వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఆ గడ్డిలో ఈ రాయి నుంచి ఆ రాయికి తిరిగాను. మార్మాట్ బొరియలోంచి తల బయటపెట్టి చూసి, ఈల కూడా వెయ్యకుండా లోపలికి పోయింది.

కూర్చోలేక ఒక సాయంత్రం సూట్‌కేసు మంచం కిందనుంచి లాగాను. పోవాల్సిందెటూ తప్పనప్పుడు ఎక్కడో ఒకచోటికి పోతూ ఉంటే నయమనిపించింది.

"యాడికి?" అంది. తల తిప్పమనడం కాకుండా అన్ని రోజుల్లో అదే మొదటి మాట.

"మిస్సిసాగా అంకుల్‌కి ఫోన్ చేస్తా. ఏమన్నా ఉంటే ముందే చూసుకుంటే..."

"లోపల పెట్టు."

"అది లేయదు కదే. నువ్వు కూడా వినుంటే..."

"నేను చూసేదానికి వచ్చినా. వినేదానికి కాదు. సూట్‌కేస్ లోపల పెట్టు బావా."

పెట్టాను. అప్పుడు కూడా సూట్‌కేసును ఒకసారి ఊపి చూశాను, లోపల ఏమైనా మిగిలిందేమోనని. ఆమె చూసింది. పెదవి బిగించుకుందిగానీ, నవ్వు ఆగక గోడ వైపు తిరిగి పడుకుంది.

మేడమ్ తిరిగి వచ్చిన పొద్దున మేం ఇద్దరం కొండ మీదే ఉన్నాం. మా ఆవిడ ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. కానీ మేడమ్ గూడు వైపు చూడకముందే నా చెవి వైపు చూసింది. వాపు చాలావరకు తగ్గిందిగానీ, రంగు ఇంకా అరిచి చెప్తూనే ఉంది. ఆమె దగ్గరికి వచ్చి, తల వంచి, నాలుగు పక్కల నుంచీ పరీక్షగా చూసింది. చేతికి దద్దుర్లు వచ్చినవాళ్లను చాలామందిని చూశానుగానీ, చెవికి ఎలా వచ్చిందని అడిగింది.

మా ఆవిడ చెప్పింది. పట్టుపురుగులు, బజారు, ఊపడం, శబ్దం లేకపోవడం, అన్నీ. నేను పక్కనే నిలబడి గాలిలో లేని గూడును ఊపి చూపించాను. మేడమ్ నా చేతి కదలికను చివరిదాకా చూసింది. తర్వాత, శబ్దం ఎందుకు రావాలి అని అడిగింది.

లోపలిది బతికుంటే రావాలి కదా అంది మా ఆవిడ.

ఇన్నేళ్లలో ఒక్క గూడును కూడా తాను ఊపలేదంది. ఊపినా ఏమీ వినిపించదంది. ఇది పట్టుగూడులా గట్టి డొల్ల కాదు, వదులుగా అల్లిన దారం, మధ్యలో వెంట్రుకల మెత్త. లోపలిది దుప్పటిలో చుట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది, గలగలమనదు. బతికుందో లేదో మాత్రం తనకూ తెలియదంది. ఇంత కుదుపు దానికి మంచిది కూడా కాదని నా గ్లవ్స్ వైపు చూస్తూ అంది.

మేం చచ్చిందనుకోవడానికి కారణం మా చదువే. అది నా సగం తొమ్మిదో తరగతిది కాదు, షెడ్డులో ఇద్దరం కలిసి చదివినది. ఇప్పుడు గూడు బతికి లేదు, చావనూ లేదు. నాకు అది ఇంకా ఘోరంగా ఉంది. చచ్చిందంటే సామాను సర్దుకోవచ్చు. ఇలా మధ్యలో ఉంటే కాళ్లు ఎక్కడ పెట్టాలి?

ఆ తర్వాత సన్న మంచు పడింది, ఆగింది. మరునాడు ఎండ వచ్చింది. నీలం పాత్ర బోర్లించినట్టు ఆకాశం. ముగ్గురం వలపంజరం చుట్టూ బోర్లా పడుకున్నాం. ముందు చూసింది మా ఆవిడే. గూటి ఒక కొస తడిగా ఉంది. ఆ తడి మెల్లగా పెరిగింది, కదిలింది, చిన్న బూడిద రంగు తల ఒకటి బయటికి వచ్చింది.

నేను మోకాళ్ల మీద లేచాను. సంతోషంతో కాదు. పోయింది, గూడు చిల్లుపడింది, ఎవరూ చూసుకోలేదా, ఎవరి డ్యూటీ ఇది, అని ఒళ్లంతా ఒకటే కేక. గ్లవ్స్‌లో వేళ్లు కొట్టుకుంటున్నాయి. గంపలో వేసుకుని బజారుకు పరిగెత్తాలన్నంత పనైంది. పక్కకు చూస్తే మా ఆవిడ నా జాకెట్ చెయ్యి పట్టుకుని లాగుతోంది. సంతోషమో భయమో నేను అడగలేదు. ఆమె కూడా మా మామ కూతురే.

చిమ్మట చూడ్డానికి గొప్పగా ఏమీ లేదు. లావు పొట్ట, నలిగిన రెక్కలు, ఒళ్లంతా ఊలు. ఆడదే. గాలి నేరుగా తగులుతోందని, పంజరాన్ని రాతి చాటుకు మార్చాలంది మేడమ్. పంజరం పట్టుకోమని నాతో అని, వెంటనే నా గ్లవ్స్ చూసి నవ్వింది. నేను వల ఎత్తేసరికి ఆ చిమ్మట గూడు వదిలి నా జాకెట్ చేతి మీదికి ఎక్కి కూర్చుంది. ఎంతకీ దిగదు. కొత్త ఇంట్లో మొదటి కుర్చీ దొరికినట్టు స్థిరపడిపోయింది. మెల్లగా, పూల రెక్కతో తోసి తోసి మేడమ్ దాన్ని తిరిగి గూటి మీదికి దించింది.

ఎదురుచూశాం. మబ్బు వచ్చింది. మబ్బు ఉంటే మగవి ఎగరవట. మబ్బు పోయింది. ఏమీ రాలేదు. మేడమ్ దుర్భిణీ వాలు మీద అటూ ఇటూ తిరిగింది. మా ఆవిడ పెదవి కొరుక్కుంటోంది. మళ్లీ మబ్బు, మళ్లీ ఎండ. ఇక ఈ వాలు మీద ఏదీ లేదని మేడమ్ మొహంలో కనిపించడం మొదలైంది. నేను లేచి నిలబడ్డాను, కాళ్లు తిమ్మిరెక్కి.

అప్పుడు కింద గడ్డి మీద ఏదో తేలింది. నల్లటి చుక్క. మోకాలెత్తులో, వంకర టింకరగా, తాగినవాడు ఇల్లు వెతుక్కుంటున్నట్టు వస్తోంది. పంజరం దగ్గరికి వచ్చింది, దాన్ని దాటేసింది, నా చుట్టూ ఒక చుట్టు తిరిగి, నేరుగా నా జాకెట్ చేతి మీద వాలింది. ఆడది కూర్చున్న చోటే. రెక్కలు అల్లాడిస్తూ అటూ ఇటూ పాకి వెతుకుతోంది.

"కదలకు!" అన్నారు ఇద్దరూ, రెండు భాషల్లో.

మా ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కళ్లలో నీళ్లు, గొంతులో నవ్వు. "బావా, నీకు సంబంధం వచ్చింది!"

"కట్నం ఏమిస్తాడో అడుగు," అన్నాను పెదవులు కదపకుండా.

అది నా చేతి మీద తిరుగుతున్నంతసేపూ నేను నిలబడ్డాను. మేడమ్ ఫోటోలు తీసింది, మా ఆవిడ చిన్నగా, తొందర తొందరగా చెప్పుకుంటూ రాసుకుంది. ముక్కు దురద పెట్టింది, గోకలేదు. కాసేపటికి అది మోసపోయానని తెలుసుకుని లేచింది. అదే సమయానికి ఇంకొకటి వచ్చింది, అది తెలివైనది, నేరుగా పంజరం మీదికే పోయింది.

దిగేటప్పుడు మేడమ్ ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే మా ఆవిడతో ఏదో అంది. ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఏమంది?"

"వచ్చే ఏడు నువ్వు వస్తే నీకు చెవులకు కూడా గ్లవ్స్ కొనల్లంట."

"నిన్ను వస్తావా అని అడగలేదా?"

"నన్ను అడిగేదేంది బావా, నేను వచ్చేదాన్నే కదా!"

లాడ్జికి రాగానే ఆమె వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. మా అత్త ఫోనును ఎప్పటిలాగే నుదురు మాత్రమే కనిపించేలా పట్టుకుంది. వెనక షెడ్డులో ఆకు వేస్తున్న సవ్వడి వినిపిస్తోంది.

"అమ్మా, గూట్లోంచి రెక్కల పురుగు బయటికొచ్చింది!"

"అయ్యయ్యో!" అంది అత్త. ఆ నుదురు మీద అన్ని ముడతలూ ఒక్కసారే లేచాయి. "ఎన్ని పోయినాయే?"

"ఒకటే మా. ఉన్నిందే ఒకటి."

"ఉన్న ఒక్కటీ పోయిందా! ఆయన ఏం చేస్తాండె ఆడ? చూసుకోవద్దా?"

మా ఆవిడ నవ్వుతూ ఫోను నా వైపు తిప్పింది.

"చూస్తానే ఉంటి అత్తా," అన్నాను.